తోడికోడలు నొక్కిన బటన్

నా పాత బ్లాగు మూతపడుతోందని మెయిల్ వచ్చింది. "పోతే పోనీ అత్తయ్యా, ఈ కొత్తదాంట్లో చానా ఫీచర్లున్నాయి" అంటూ మా కోడలు ఒక ఆదివారం నన్ను సామానుతో సహా కొత్త బ్లాగులోకి మార్చింది. సామానంటే గుప్పెడు వ్యాసాలే. అక్షరాలు నేర్చుకున్నదే యాభై దాటాక కాబట్టి అంతకంటే పోగుపడలేదు.

కొత్తచోట హంగులకు కొదవ లేదు. పేజీ వెనక పెట్టుకోవడానికి బొమ్మలు ఇచ్చారు. ఒకదాంట్లో కిటికీ, బయట కురిసే మంచు, లోపల పొగలు కక్కే కాఫీ, పక్కన నలగని పుస్తకం. రాసేవాళ్లంతా అలాగే బతుకుతారని వాళ్ల నమ్మకం కాబోలు. మా కిటికీ తెరిస్తే పిడుగురాళ్ల లారీల సున్నపు దుమ్ము లోపలికొస్తుంది. దూరం నుంచి చూస్తే అదీ మంచులాగే ఉంటుందిలే అని ఆ బొమ్మే పెట్టుకున్నాను.

తర్వాత ఆ పేజీ "మీ గురించి చెప్పండి" అంది. ఇష్టాలు, అలవాట్లు, ఆశయాలు. నింపితే గానీ ముందుకు పోనివ్వదు. పెళ్లిచూపుల్లో కూడా నన్నెవరూ ఇన్ని ప్రశ్నలు అడగలేదు. అప్పుడు అడిగినవన్నీ మా నాన్ననే.

ఇక లెక్కల పేజీ. ఎంతమంది చదివారో గీత గీసి చూపిస్తుంది. నా గీత నేలమీద పడుకునే ఉంది. పాఠకులు: ఒకరు. మర్నాడూ ఒకరే. ఆ ఒక్కరూ కోడలే అనుకుని "రోజూ చదువుతున్నావామ్మా?" అని మురిపెంగా అడిగాను. "నాకేడ తీరిక అత్తయ్యా" అంది, కాస్తయినా మొహమాటపడకుండా.

పాఠకులు లేకపోవడంలో ఒక సుఖముంది. ఏమైనా రాయొచ్చు. నేను మా తోడికోడలి గురించి రాశాను. నాకంటే పెద్దది, గోడవతల ఇల్లు. పొలం, నోరు, మా అత్తగారి ప్రేమ, అన్నీ ఆమెకే ఎక్కువ. నాకుండి ఆమెకు లేనిది ఒక్కటే, చదువు. నేను అక్షరాలు దిద్దిన సాయంత్రం బడికి రమ్మంటే "ఇప్పుడు నేర్చుకుని కలెక్టరవుతావా ఏందే?" అని నవ్విన మనిషి. అందుకే నిర్భయంగా రాశాను: ఆమె గిన్నెలో కూర పంపేది మనం తినాలని కాదు, గిన్నె కోసమని వచ్చి మన పొయ్యి మీది మూతలు తీసి చూడడానికని.

ఆ వారమే మిరపకల్లానికి వెళ్లాను. ఆడవాళ్లంతా గుండ్రంగా కూర్చుని కాయలకు తొడిమలు తీస్తున్నారు. మధ్యలో బోర్లించిన బక్కెట్టు, దాని మీద మా తోడికోడలి ఫోను. అందులోంచి బస్టాండులో బస్సుల సంగతి చెప్పే గొంతులాంటిది ఒకటి, "గిన్నె కోసమని వచ్చి, మూతలు తీసి చూస్తుంది" అంటోంది. అందరూ పడీపడీ నవ్వుతున్నారు.

నా పేజీలో ఓ మూల త్రికోణం బొమ్మ ఉంటుంది. నొక్కితే రాసిందంతా చదివి వినిపిస్తుందట. నేనది అలంకారమనుకున్నాను. తీరిక లేని మా కోడలే పెద్దత్తయ్య ఫోనులో దాన్ని పెట్టిచ్చి నేర్పిందట. 'మ'కీ 'య'కీ తేడా తెలియడానికి నేను కళ్లద్దాలే మార్చాల్సి వచ్చింది. ఈమె కారం అంటని చిటికెనవేలితో త్రికోణం నొక్కి నా బ్లాగంతా చదివేసింది. ఆమెకు లేకుండా నాకున్న ఆ ఒక్కటీ కల్లంలో పోయింది.

"రావే పండితురాలా, కూర్చో. నీ కథే నడుస్తా ఉంది" అంది తోడికోడలు.

గబగబా నా ఫోను తీసి వ్యాసం తుడిచేయబోయాను.

"తీయమాక! తీసేస్తే రేపు మేం ఏం వినాల? అయినా సగమే రాసినావేందే? నా గిన్నె ఉత్తదే తిరిగిచ్చావు, అది రాయలేదే?"

నవ్వులు ఆగిపోయాయి. మా వైపు ఎవరింటి గిన్నెనూ ఖాళీగా తిరిగివ్వరు. ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేసిస్తారు.

"ఉత్త గిన్నె ఇచ్చావా పిన్నీ?" అంది ఒకామె, నేనేదో అవతలి పార్టీకి ఓటేసినట్టు.

"ఉత్తదేం కాదు. బెల్లంముక్క వేశాను."

"చీమలకు కూడా కనపళ్లేదమ్మా ఆ ముక్క!" అంది తోడికోడలు.

కల్లమంతా మళ్లీ గొల్లున నవ్వింది. "నేను చెప్తా, రాయి" అని ఆమె తొడిమలు తీస్తూ చెప్పింది. నేను మిరపఘాటుకు తుమ్ముతూ, చెప్పింది చెప్పినట్టు కింద చేర్చాను. బెల్లంముక్క సంగతి కూడా వదల్లేదు, పక్కనే పెట్టాను. ఎడిట్ బటన్ ఎందుకిచ్చారో అప్పుడు తెలిసింది. మళ్లీ త్రికోణం నొక్కారు. బస్టాండు గొంతు చీమల తీర్పు చదివి వినిపించింది.

ఇంటికొచ్చి లెక్కల పేజీ తెరిచాను. పాఠకులు: ఒకరు. ఈ లెక్క కట్టిన మహానుభావులు ఎప్పుడూ మిరపకల్లంలో కూర్చుని ఉండరు.

అంతలో గోడమీదుగా గిన్నె వచ్చింది, దోసకాయ కూర. "ఏమే, బాగుంటే అదీ రాయి!" అని వెనకే గొంతు.

కూర బాగానే ఉంది. గిన్నె కడిగి, అంచుదాకా చింతకాయ పచ్చడి పెట్టి, నేనే స్వయంగా పట్టుకెళ్లి ఇచ్చాను. ఎలాగూ వంటింటి దాకా వెళ్లాను కాబట్టి, ఆమె పొయ్యి మీది మూతలు కూడా తీసి చూశాను.