మడమతో గీసిన గాడి

ఎనభైల మొదట్లో కువైట్‌లోని అహ్మదిలో ఒక కాంట్రాక్టు కంపెనీ క్లబ్బు ఫుట్‌బాల్ మైదానానికి నీళ్ళు పెట్టే పని నాది. కోనసీమలో పుట్టినవాడికి ఇసుక తడిపే ఉద్యోగం ఏమిటని నాలో నేనే నవ్వుకునేవాణ్ణి. ఎంత పోసినా తాగేసి, మర్నాటికి మళ్ళీ రాయిలా బిగిసేది ఆ నేల. దాని మీద దూకి బంతి పట్టుకోవడానికి హాలెండు నుంచి ఒక గోల్‌కీపర్‌ను తెచ్చుకున్నారు.

మొదటి వారమే ఆయన మోచేతులు చెక్కుకుపోయాయి. చూడలేక, మా ఊళ్ళో కబడ్డీ బరికి చేసినట్టు గోల్ ముందు నేల తవ్వి, మెత్తటి ఇసుక కలిపి, తడిపి పెట్టాను. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఆయన ఒకసారి దూకి, లేచి, ఆ ఇసుకను పిడికిట్లోకి తీసుకుని నా వైపు చూశాడు. ఆ రోజు నుంచి టీ ఇద్దరం కలిసే తాగేవాళ్ళం. ఆయనకు తెలుగు రాదు, నాకు డచ్చి రాదు, ఇద్దరి ఇంగ్లీషూ అంతంతమాత్రం. అయినా మాటలు ఆగేవి కావు.

ఆయన కుర్రతనం నుంచీ గోల్‌కీపరే. పేరున్న క్లబ్బులోనే ఆడాడు, కాకపోతే రెండో గోల్‌కీపరుగా. మొదటివాడికి దెబ్బ తగిలితే తప్ప ఈయనకు పని లేదు. ఆ మొదటివాడేమో గుండ్రాయి, జలుబు కూడా చేసేది కాదట. ఈయన గ్లోవ్స్ తొడుక్కుని, బెంచీ మీద కూర్చుని, ఆట అయ్యాక గ్లోవ్స్ విప్పుకుని ఇంటికెళ్ళేవాడు. యవ్వనమంతా అలాగే గడిచిపోయింది.

“వాడికి జ్వరం రావాలని ఎప్పుడైనా దేవుణ్ణి అడిగారా సార్?” అన్నాను.

“ప్రతి ఆదివారం” అన్నాడు, నవ్వకుండా.

తలలో నెరిసిన వెంట్రుకలు కనబడ్డాక, ఈ ఎడారిలో, మొట్టమొదటిసారిగా ఒక గోల్‌పోస్టు ఆయనది అయింది. ఆట మొదలయ్యే ముందు ఆయన గోల్ గీత మధ్య నిలబడి, బూటు మడమతో ముందుకు ఒక గాడి గీసేవాడు. గోల్‌కీపర్లందరికీ ఆ అలవాటు ఉంటుందట. వెనక్కి తిరిగి గోల్ స్తంభాలు చూసుకోకుండానే, ఆ గాడిని బట్టి తాను ఎక్కడున్నాడో తెలుస్తుంది. కానీ మిగతావాళ్ళు దాన్ని కంటితో చూసేవాళ్ళు. ఈయన కాలితో తడుముకునేవాడు. అది కూడా పొద్దు వాలాకే.

నాకు అర్థం కావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. మా మేనమామకు రేచీకటి. దీపాల వేళ అయ్యేసరికి అరుగు దిగడానికి అలాగే బొటనవేలితో వెతికేవాడు. కువైట్‌లో ఎండాకాలం మ్యాచ్‌లన్నీ సూర్యుడు దిగాకే, స్తంభాల మీది లైట్ల కింద. ఆ లైట్లు మాకు పట్టపగలు. ఆయనకు వెలుగు పడినచోట ఏదో కొంత, పక్కన అంతా చీకటి.

“సార్, కళ్ళు...” అన్నానోసారి.

ఆయన కప్పు కింద పెట్టాడు. “రెండేళ్ళుగా ఇంతే. చెప్పావంటే మళ్ళీ నన్ను బయట కూర్చోబెడతారు. ఈసారి ఇంటికి పంపేస్తారు.”

నేను చెప్పలేదు. మ్యాచ్ రోజున నీళ్ళు పెట్టాక, గునపం మొనతో రెండు గోల్‌పోస్టుల ముందూ ఆ గాడిని కాస్త లోతు చేసి ఉంచేవాణ్ణి. నా గదిలో ఉండే కడప ఆయన, క్లబ్బు బస్సు నడిపేవాడు, అది చూసి తిట్టేవాడు.

“ఏమబ్బా, నీకేమన్నా పిచ్చి పట్టిందా? మేనేజరు చూసినాడంటే ఖలాస్, నీ ఇఖామా కాయితం పోతాది, ఊరికి తోలేస్తారు.”

“పోతే పోయిందిలెండి. మీకెందుకండీ అంత బాధ?”

“నీ మీద బాధ గాదులే. నువ్వు పోతే కూర ఎవరు వండుతారు?”

ఒక సీజనంతా ఆ గాడి మీదే నెట్టుకొచ్చాడు మహానుభావుడు. చాలా ఆపాడు. జనం ఆయన్ని భుజాల మీద మోసిన సాయంత్రాలు కూడా ఉన్నాయి. ఆ సంతోషం చూసి నాకు భయం వేసేది.

తర్వాత కంపెనీకి డబ్బెక్కువై, ఇసుకంతా ఎత్తిపారేసి మైదానం నిండా పచ్చ కార్పెట్ పరిపించింది. ప్లాస్టిక్ గడ్డి. అందరూ మురిసిపోయారు. ఆయన గోల్ ముందు నిలబడి మడమతో గీశాడు. గీత పడలేదు. మళ్ళీ గీశాడు. నేను మొహం తిప్పేసుకున్నాను.

మొదటి మ్యాచ్ సాయంత్రం నాకు తోచింది నేను చేశాను. కొబ్బరి పీచు తాడు సన్నగా పేని, గోల్ ముందు కార్పెట్ అతుకు ఎత్తి కింద దూర్చాను. కాలికి తగిలితే చాలని. మైదానం చూడ్డానికొచ్చిన రిఫరీ బూటుకే అది ముందు తగిలింది. తాడును బయటికి లాగి, చచ్చిన పాములా ఎత్తి పట్టుకుని అందరికీ చూపించాడు. జనం నవ్వారు. గోల్‌కీపర్ ఒక్కడే నవ్వలేదు. నా దగ్గరికొచ్చి, “థాంక్యూ, మై ఫ్రెండ్” అన్నాడు. వద్దు సార్, ఇవాళ ఆడొద్దు, ఒంట్లో బాగాలేదని చెప్పండని బతిమాలాను. వినలేదు. బయట కూర్చుని కూర్చుని విసిగిన మనిషి ఎందుకు వింటాడు?

ఒకటి ఆయన కుడి పక్క నుంచి పోయింది. కదలనైనా లేదు. ఇంకొకటి కాళ్ళ దగ్గర పడి దొర్లింది. ఆఖరిదానికి మాత్రం, శబ్దాన్ని బట్టో ఏమో, ఎడమకు ఒళ్ళంతా చాచి దూకాడు. నా ప్రాణం లేచొచ్చింది. బంతి వేళ్ళ చివర తగిలి, స్తంభం లోపలి అంచు రాసుకుంటూ గోల్లోకి పోయింది. అవతలి జట్టు జనం ఒక్కసారిగా లేచి చప్పట్లు కొట్టారు. మేనేజర్ చెయ్యి ఊపాడు. “యల్లా, బయటికి రమ్మను” అన్నాడు.

ఆయన లేచి, ఎవరూ లేని వైపు, చీకటి పక్కకు నడుస్తున్నాడు. అలిగి పోతున్నాడనుకున్నారు అందరూ. నేను పరిగెత్తి మణికట్టు పట్టుకున్నాను.

“ఎవరు?” అన్నాడు. అప్పటికి ఆయన మొహానికి జానెడు దూరంలో ఉన్నాను నేను.

“నేనే సార్.”

ఆయన మొహం విచ్చుకుంది. చప్పట్లు ఇంకా ఆగలేదు.

“వేళ్ళకు తగిలింది” అన్నాడు. “ఆపాను కదా?”

“ఆపారు సార్” అన్నాను.

ఆయన నా చేతిని గట్టిగా పట్టుకున్నాడు. బట్టలు మార్చుకునే గది దాకా అలాగే నడిచాం. ఆయన ఇంకేమీ అడగలేదు.