జాతరలో మా ఊరి తుమ్మకట్టె

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారికి కొంచెం లోపలగా ఉంటుంది మా ఊరు. ఊరి పక్కన వంక, వంక గట్టున తుమ్మతోపు. ఆ తోపు ఒకప్పుడు మాది. భూపరిమితి చట్టం వచ్చినప్పుడు మా చేయి జారి పంచాయతీకి పోయింది. తోపు వెనకే చేలు పోయాయి, చేల వెనకే ఇల్లు పోయింది. నేను ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో గుమాస్తాగా ముప్పై ఏళ్లు పనిచేసి, ఇప్పుడు అక్కడే రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నాను. పోయినదాని గురించి ఎవరి దగ్గరా ఏడవలేదు. ఇస్త్రీ చెయ్యని చొక్కాతో బజారుకు వెళ్లలేదు. మా ఇంటి మనిషి నడుము వంచి నడవడం ఎవరూ చూడకూడదని మా నాయన చెప్పేవాడు. అది ఒక్కటి మాత్రం నిలబెట్టుకున్నాను.

రెండేళ్ల కిందట మా ఊరి సర్పంచి నన్ను వెతుక్కుంటూ ఆదోనికి వచ్చింది. నలభై దాటిన మనిషి. వాళ్లమ్మ మా చేలో పత్తి తీసేది. ఈమె కూడా చిన్నప్పుడు తల్లి వెంట ఒడి కట్టుకుని సాళ్ల మధ్య తిరిగినదే. నేను కుర్చీ చూపించాను. కూర్చుంది. నాకు తెలియకుండానే నేను మరింత నిటారుగా కూర్చున్నాను.

"అప్పా, మన తోపును కొట్టేసి బొగ్గు కాల్చుకుంటానని ఒకాయన పంచాయతీకి అర్జీ పెట్టినాడు," అంది. "ఊర్లో సగం మంది సరే అంటాండారు. ఒక్క చెట్టు కూడా మిగల్చడంట. తోపు పోతే మన వడ్లోళ్లు నాలుగిండ్ల వాళ్లు యాడికి పోవాల? ఏం పట్టుకుని పని చేయాల?"

మా ఊరి వడ్రంగులు నాలుగు ఇళ్లవాళ్లూ ఆ తుమ్మ మీదే బతుకుతున్నారు. విత్తనం వేసే గొర్రు, పత్తి సాళ్ల మధ్య కలుపు తీసే గుంటక, ఎడ్ల మెడ మీది కాడి, అన్నీ ఆ కట్టెతోనే. ట్రాక్టర్లు వచ్చిన మాట నిజమే. కానీ పత్తి మోకాలి ఎత్తు దాటాక ట్రాక్టరు చేలోకి దిగలేదు. ఎడ్లూ గుంటకే కావాలి.

"వచ్చే గ్రామసభలో తేల్చేయాల," అంది సర్పంచి. "ఈ లోపల ఎమ్మిగనూరు జాతర ఉండాది. ఆడ పంచాయతీ పేరుతో అంగడి పెడదాం. మన కట్టె ఏందో నాలుగూర్లకు తెలిసిందంటే, ఊరోళ్లు తోపు మీద చెయ్యి వేయరు. తెలియలేదనుకో, బొగ్గే. మీరు మంచి తెలుగు రాస్తారు గదా, ఒక కాగితం రాసియ్యండి. జాతరలో పంచేదానికి."

నేను మూడు రోజులు కూర్చుని రాశాను. ఆదోని పత్తి మార్కెట్టు, ఎమ్మిగనూరు మగ్గాలు, తుంగభద్ర నీళ్లు, మన నల్లరేగడి, పంచాయతీ వేయించిన సిమెంటు రోడ్డు, కొత్తగా కట్టిన బడి, వీటన్నిటి మధ్య మా తుమ్మతోపు. మొదటి పేరా మొత్తం మా తాత గురించి. ఆ తోపు వేయించింది ఆయనే కదా.

సర్పంచి అది నా ముందే చదివింది. చదవడం ఆగి ఆగి చదువుతుంది కానీ ఒక్క మాట వదలదు.

"బాగుండాదప్పా. కానీ మీ తాతను సూసి గొర్రు కొంటారా ఎవరన్నా?"

నాకు చెవులు వేడెక్కాయి. ఆ పేరా కొట్టేశాను. కొట్టేసిన చోట గీత మరీ లావుగా పడింది.

నా తప్పు ఆ తరువాత జరిగింది. జాతరకు వారం ముందు ఊరికి వెళ్లి, చేసిపెట్టిన సరుకు చూశాను. గొర్లు, గుంటకలు, కాడ్లు పంచాయతీ ఆఫీసు వెనక వరసగా ఆనించి ఉన్నాయి. నల్లగా, మొరటుగా, వంకబురద వాసన కొడుతూ. మా ఇంటి బండికి ఎప్పుడూ ఎర్ర రంగు, చక్రాలకు పచ్చ రంగు ఉండేవి. ఎక్కడ నిలిచినా పదిమంది తిరిగి చూసేవాళ్లు. ఊరి పేరుతో అంగడి పెడుతూ ఇంత మోటు సరుకు పెడతామా అనిపించింది.

"ఆచారీ, వీటికి రంగు వేయించు," అన్నాను పెద్ద వడ్రంగితో.

ఆయనకు నాకంటే నాలుగైదేళ్లు ఎక్కువే. చేతిలో బాడిస పక్కన పెట్టి తల గోక్కున్నాడు.

"రంగెందుకు సామీ?"

"మర్యాదకు."

"మీరు సెప్పినాక ఇంకేం," అన్నాడు. ఇంకో ముగ్గురు వడ్రంగులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా ఇంట్లో ఇప్పుడు గింజ లేకపోయినా, మా ఇంటి మనిషి మాటకు ఎదురు చెప్పే అలవాటు ఆ ఊరికి ఇంకా రాలేదు. నేను దాన్ని గౌరవం అనుకున్నాను. ఆ వారం సర్పంచి మండలం ఆఫీసు చుట్టూ తిరుగుతూ ఉంది. జాతరకు బయల్దేరే పొద్దున ట్రాక్టరు ట్రాలీలో ఎర్రగా, పచ్చగా మెరుస్తున్న సరుకును ఆమె వేలితో తడిమింది. నా వైపు చూసింది, వడ్రంగుల వైపు చూసింది. ఇక చేసేదేముంది, ట్రాలీ ఎక్కింది.

ఎమ్మిగనూరు జాతరలో పశువుల సంత పక్కనే మాకు స్థలం ఇచ్చారు. మంచి చోటు. ఎడ్లు కొన్నవాడు కాడి, గొర్రు కొనకుండా పోడు. నేను తెల్ల పంచె కట్టుకుని, కాగితాల కట్ట చేత్తో పట్టుకుని నిలబడ్డాను. పిలవడం నా వల్ల కాలేదు. మా ఇంట్లో ఎవరూ బజారులో నిలబడి రండి రండి అని అరవలేదు. దగ్గరికి వచ్చినవాళ్లకు కాగితం ఇచ్చాను, అంతే.

పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా ఒక్క గుంటక కదల్లేదు. రైతులు వచ్చేవాళ్లు, కట్టెను వేలి కణుపుతో కొట్టి చూసేవాళ్లు, వంగి వాసన చూసేవాళ్లు, మొహం పక్కకు తిప్పుకుని పోయేవాళ్లు. నేను ఇచ్చిన కాగితాల్లో బొరుగులు పోయించుకుని తింటున్నవాళ్లను నా కళ్లతో చూశాను. మా ఊరి పంచాయతీ గురించి నేను రాసిన వాక్యం మీద మిరపకాయ బజ్జీ నూనె.

మధ్యాహ్నం దేవనకొండ వైపు రైతు ఒకాయన వచ్చాడు. బక్క మనిషి, తలకు తువ్వాలు. కొత్తగా కొన్న ఎడ్ల జతను పక్కన నిలబెట్టి, ఒక గొర్రు చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"ఎడ్ల కొమ్ములకు రంగేస్తారు గానీ గొర్రుకు రంగేసేది నేను యాడా సూడల్యా," అన్నాడు. "లోపల పురుగు తిన్నాదేమో, కప్పేసినారు."

పక్కన ఉన్నవాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

"మా ఇంట్లో ఒకరిని మోసం చేసినవాడు పుట్టలేదు," అన్నాను.

"మీ ఇల్లు నాకేం ఎరుకప్పా? నేను ఇల్లు కొనేదానికి రాల్యా. కట్టె సూపియ్యండి."

ఆ మాటలో వెటకారం లేదు. నిజంగానే కట్టె చూడాలనుకున్నాడు. పొద్దుటి నుంచి వచ్చిన వాళ్లందరూ అదే చూడాలనుకున్నారు. మా తుమ్మ మొద్దును కొట్టిన వెంటనే చెక్కరు. వంక బురదలో ఆరు నెలలు నానబెడతారు. అప్పుడు దానికి పురుగు పట్టదు, కట్టె నల్లబడి ఇనుములా అవుతుంది. ఆ నలుపూ, ఆ బురద వాసనే రైతుకు ఆనవాలు. అవి రెండూ నేను నూనె రంగు కింద పూడ్చిపెట్టాను. మొరటుదనం అని నేను అనుకున్నదే ఆ కట్టె మర్యాద.

సర్పంచి నా వైపు చూసింది. ఒక్క మాట తిట్టి ఉంటే బాగుండేది.

నేను కాగితాలు పక్కన పెట్టి, చొక్కా చేతులు మడిచాను. ఆచారి సంచిలో సీసా పెంకు ఉంటుందని తెలుసు, కట్టె నునుపు చెయ్యడానికి వడ్రంగులు వాడేది. అది తీసుకుని గొర్రు పక్కన నేల మీద కూర్చుని గీకడం మొదలుపెట్టాను.

"సామీ, మీరొద్దు, వేళ్లు తెగుతాయి," అని ఆచారి పరుగెత్తి వచ్చాడు.

"తెగనీ. రంగు వేయమన్నది నేనే కదా."

ఆచారి నన్ను ఒక క్షణం చూసి, "ఆ రోజే సెప్పాలనుకున్నా సామీ, నోరు రాల్యా," అన్నాడు.

"ఈ సారి చెప్పు."

"అయితే సెప్తాండా. పెంకును అట్ల పట్టుకోగూడదు. ఇట్ల అడ్డం పట్టి లాగల్ల."

చుట్టూ ఉన్నవాళ్లు మళ్లీ నవ్వారు, ఈ సారి నేను కూడా నవ్వాను. ఎర్ర రంగు ముక్కలు ముక్కలుగా లేచింది. దాని కింద నల్లటి చేవ కట్టె బయటపడింది. జానెడు మేర గీకేసరికి వాసన కూడా వచ్చింది. దేవనకొండ రైతు కింద కూర్చుని ముక్కు దగ్గర పెట్టి చూశాడు. గోటితో గుచ్చాడు. గోరు దిగలేదు.

"ఎన్ని నెల్లు నానేసినారు?"

"ఆరు నెల్లు," అన్నాడు ఆచారి. "మా వంకలో."

"మరి ఇంత మంచి కట్టెకు ఈ పాడు రంగెవరు పూసినార్రా నాయనా?"

"నేనే," అన్నాను.

ఆయన నన్ను పై నుంచి కింది దాకా చూసి, "అదేమప్పా, పెండ్లికూతురికి మసి పూసినట్ల!" అన్నాడు. చుట్టూ గుంపు పెరిగింది. సర్పంచి ట్రాలీ పైకెక్కి నిలబడి గొంతు ఎత్తింది. "సూడండి అన్నా, సూడండి! మా ఊరి తుమ్మ! పంచాయతీ తోపులో కొట్టి, మా వడ్లోళ్లు చెక్కిన కట్టె! నమ్మకం లేకపోతే మీరే గీకి సూసుకోండి!"

ఆ చివరి మాటతో జాతర మా అంగడి మీద పడింది. ఎవరికి నచ్చిన గుంటకను వాళ్లు పట్టుకుని, రాయితో ఒకడు, కొడవలితో ఒకడు గీకడం మొదలుపెట్టారు. గీకిన వాడు కట్టె చూసి మెచ్చుకుంటాడు, మెచ్చుకున్నాక వదలడు. దేవనకొండ రైతు గొర్రు పైనుండే గిన్నెలాంటి జడ్డిగంలో జొన్నలు పోయించి, గొట్టాల గుండా గింజలు సమంగా పడుతున్నాయో లేదో చూశాడు. నాలుగు గొట్టాలూ ఒక్కలాగే రాలాయి. "ఇది నాది," అని ఎడ్లకు కట్టేసుకున్నాడు. ఎమ్మిగనూరులోనే మగ్గం నేసే ఆయన ఒకరు వచ్చి, బట్ట చుట్టే కర్ర ఈ కట్టెతో చేసిస్తారా అని అడిగాడు. చేసిస్తామన్నాడు ఆచారి, అంతకు ముందు ఎప్పుడూ చెయ్యకపోయినా.

పొద్దు వాలేలోపల ట్రాలీ ఖాళీ అయింది. అయినా జనం పోలేదు. కోడుమూరు వాళ్లు, మాధవరం వాళ్లు, మాకూ కావాలి మాకూ కావాలి అని నిలబడ్డారు. నేను మిగిలిన కాగితాల వెనక వైపు వాళ్ల ఊర్ల పేర్లు, ఏం కావాలో రాసుకున్నాను. నా చేతి వేళ్లకు మూడు చోట్ల తెగింది. నా పంచె ఎర్రగా పచ్చగా అయింది. అంత మంది చూస్తుండగా నేల మీద కూర్చున్నాను, చీకటి పడేదాకా అలాగే కూర్చున్నాను. నా జీవితంలో అంత తలెత్తుకున్న రోజు ఇంకోటి లేదు.

నెల తరువాత గ్రామసభ. బొగ్గు ఆయన తరఫు మనిషి కూడా వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. కార్యదర్శి అర్జీ చదివాడు. సర్పంచి నన్ను మాట్లాడమంది. నేను లేస్తుంటే చెవి దగ్గర వంగి, "తాత మాట ఎత్తొద్దప్పా," అని నవ్వింది. ఎత్తలేదు. రంగు వేయించింది నేననీ, వద్దని చెప్పడానికి వడ్రంగులు మొహమాటపడ్డారనీ, జాతరలో నెగ్గింది కట్టె అనీ చెప్పాను. కాగితాల వెనక రాసుకున్న ఊర్ల పేర్లు ఒక్కొక్కటీ చదివాను. దేవనకొండ అన్నప్పుడు ఎవరో వెనక నుంచి "అబ్బో!" అన్నారు. చదవడం అయ్యేసరికి, బొగ్గుకే సరే అన్న వాళ్లలో ఒకడు లేచి, "మన కట్టె కోసం కోడుమూరోడు కాచుకోనుండాడంటే, మనం దాన్ని కాల్చుకుంటామా?" అన్నాడు.

తోపు ఉండాలనేవాళ్లను చేతులు ఎత్తమంది సర్పంచి. నాకు ఓటు ఆదోనిలో ఉంది కాబట్టి నేను ఎత్తకూడదు. గోడకు ఆనకుండా నిలబడి చూశాను. ముసలివాళ్లు, కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లు, వడ్రంగులు, అందరూ ఎత్తారు. అర్జీకి సరే అన్న చెయ్యి ఒక్కటి కూడా లేదు. బొగ్గు మనిషి చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

తీర్మానం రాయడానికి కార్యదర్శి తడబడ్డాడు. "పెద్దాయనా, మీరు సెప్పండి, నేను రాస్తా," అన్నాడు. నేను చెప్పాను. ఏటా ముదిరిన చెట్లే కొట్టాలి, కొట్టిన ప్రతి చెట్టుకూ రెండు మొక్కలు నాటాలి, ఏ చెట్టు కొట్టాలో వడ్రంగులే తేల్చాలి. మొదటి వాక్యం ఎలా ఉండాలి అని అడిగాడు. ఒక్క క్షణం ఆగి, స్పష్టంగా, చివరి వరుసకు వినబడేలా చెప్పాను.

"వంక గట్టున ఉన్న తుమ్మతోపు ఈ గ్రామ ప్రజలందరిది."

ఆయన రాశాడు. ఊరంతా వరుసకట్టి దాని కింద సంతకాలు పెట్టింది, వేలిముద్రలు వేసింది.