వెనక బల్ల నుంచి రావలసిన మాట

ఇనుప కుర్చీని గచ్చు మీద ఈడ్చిన చప్పుడు వింటే నాకు కూర్చోబుద్ధి కాదు. మొన్న మా విభాగం సెమినార్ గదిలో అదే జరిగింది. బయటి నుంచి వచ్చిన ఒక ఆచార్యుడు నైతిక బాధ్యత గురించి ఉపన్యాసం ముగించాడు. ప్రశ్నలు మొదలయ్యాయి. ఆలస్యంగా వచ్చినవాళ్లెవరో గోడవార ఉన్న కుర్చీని ముందుకు లాక్కున్నారు. ఆ చప్పుడుకు నేను సగం లేచాను. వెళ్తున్నారా మేడం అని పక్కనున్న పరిశోధక విద్యార్థిని మెల్లగా అడిగింది. లేదని చెప్పి కూర్చున్నాను. ఆ తర్వాత మాటలేవీ చెవికెక్కలేదు. చేతులు లేస్తున్నాయి, దిగుతున్నాయి. అడిగేవాళ్లు అడుగుతున్నారు, ఆయన తన మాటను కాపాడుకుంటున్నాడు. ఎవరూ చోటు మారడం లేదు. ఈ గదిలో ఎవరూ మారరని నాకు తెలుసు. తెలిసినా నా కాళ్లు ఊరుకోలేదు.

ఆ అలవాటు నాకు నారాయణఖేడ్‌లో పట్టుకుంది. పట్టించినవాడు జలీల్ సార్. ఆయన పోయి ఏడాది దాటింది.

రెండువేల ఒకటిలో నేను అక్కడ డిగ్రీలో చేరాను. మాది మనూర్ వైపు ఊరు. జొన్న, కంది వేసే ఇల్లు. జలీల్ సార్ మాకు చరిత్ర చెప్పేవాడు. ఆయన హైదరాబాద్‌లో చదివింది తత్వశాస్త్రం, కాని మా కాలేజీలో ఆ సబ్జెక్టు లేదు. పొట్టి మనిషి. జేబులో ఎప్పుడూ దువ్వెన ఉండేది, దువ్వడానికి తల మీద పెద్దగా ఏమీ ఉండేది కాదు. శనివారం మధ్యాహ్నానికి క్లాసులు అయిపోయేవి. మా ఊళ్ల వైపు బస్సులు నాలుగింటికి గాని రావు. బస్టాండులో అంతసేపు నిలబడటం ఆడపిల్లలకు ఇబ్బందని చివరి గది తెరిపించి మమ్మల్ని కూర్చోబెట్టేవాడు. ఉత్తగా కూర్చుంటే ఏం లాభమని అందులోనే సెమినార్ మొదలుపెట్టాడు. మగపిల్లలూ వచ్చేవాళ్లు. ఒకరు ఏదైనా ఒక మాట తీసుకుని దాని మీద మాట్లాడాలి, మిగతావాళ్లు చర్చించాలి. ఊళ్లో దాన్ని జలీల్ సార్ బహస్ అనేవాళ్లు. బహస్ అంటే వాదులాట. ఆ పేరు వింటే ఆయనకు చిరాకు. బహస్‌ల గెలుసుడు ఓడుడు ఉంటది, ఇది సెమినార్ అని కనిపించినవాళ్లకల్లా చెప్పేవాడు.

దానికి ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. నేను తర్వాత చూసిన ఏ విశ్వవిద్యాలయంలోనూ అది లేదు. మాట్లాడినవాళ్లు ప్రసంగం అయిపోగానే వెనక బల్ల మీదికి వెళ్లి కూర్చోవాలి. వాళ్ల మాటను ఒప్పుకోనివాళ్లు ముందుకొచ్చి, వాళ్లు లేచిన కుర్చీని గది మధ్యకు ఈడ్చుకుని, అందులో కూర్చుని ఆ మాట తరఫునే మాట్లాడాలి. వెనక బల్ల మీదున్నవాళ్లు నోరు విప్పకూడదు. వాళ్లు అనగలిగింది ఒకటే, 'అదే' అని గాని 'కాదు' అని గాని. 'అదే' అన్నాకనే కుర్చీలో ఉన్నవాళ్లు లేచి తమ అభ్యంతరం చెప్పుకోవచ్చు. అప్పటిదాకా లేవడానికి లేదు.

నేను వెళ్లిన మొదటి శనివారం కల్హేర్ నుంచి వచ్చే శంకర్ మాట్లాడాడు. ఆకలిగొన్న మనిషి పరాయి చేలో కంకి తెంపుకుంటే అది దొంగతనం కాదన్నాడు. మా జొన్న చేను కాయడానికి మా నాయన మంచె మీద పడుకునేవాడు. నాకు ఒళ్లు మండింది.

"ఏం బేటా, ఒప్పుకోవా?" అన్నాడు సార్.

"ఒప్పుకోను సార్."

"మంచిది. అయితే ఇటొచ్చి కూసో. ఇగ నువ్వే శంకర్‌కు వకీల్‌వి."

కుర్చీ ఈడ్చుకుని కూర్చున్నాను. దొంగతనం చేసినా తప్పు లేదంటుండు అని మొదలుపెట్టాను. వెనక నుంచి కాదు అని వినిపించింది. ఇంకో రకంగా చెప్పాను. మళ్లీ కాదు. సార్ శంకర్ వైపు చూశాడు. శంకర్ పద్ధతి మరచిపోయి, "మా అవ్వను పట్టుకొని దొంగ అన్నట్టు చెప్తుంది సార్ ఈమె" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ పరాయి చేలో కంకి తెంపినది వాళ్లమ్మేనని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత చెప్పినది తడబడుతూనే చెప్పాను. తిండి గింజకు సొంతదారు ఉంటాడు, ఆకలికి కూడా ఒక హక్కు ఉంటుంది, రెండూ ఒకే చేలో ఎదురుపడితే ఏది ముందని శంకర్ అడుగుతున్నాడని అన్నాను.

"అదే సార్" అన్నాడు శంకర్. "నాకన్న సాఫ్‌గ చెప్పింది. ఇగ నా మాట నాకు ఇస్తదో ఇయ్యదో."

నేను లేచి నా అభ్యంతరం చెప్పాను. అప్పటికి అది చిన్నదైపోయింది. ఇంటికి పోయేటప్పుడు బస్సులో కుదురుగా కూర్చోలేకపోయాను. ఆ రోజు పట్టుకున్న అశాంతి ఇంతవరకు వదల్లేదు. ఏ మాటనైనా కాదనబోయేసరికి ఆ మాట లోపలికి వచ్చి కూర్చుంటుంది. మా విభాగంలో కొందరు నాకు సొంత అభిప్రాయం లేదనుకుంటారు. వాళ్లనుకోవడంలోనూ కొంత నిజముంది.

మూడేళ్ల తర్వాత ఆయన చెప్పగానే నేను హైదరాబాద్‌లో తత్వశాస్త్రం ఎం.ఏ.లో చేరి, అక్కడే పరిశోధన మొదలుపెట్టాను. వారం వారం ఉపన్యాసాలు, చర్చలు. పెద్ద పెద్దవాళ్లు వచ్చేవాళ్లు. సెలవులకు ఊరొచ్చినప్పుడు అవన్నీ చెప్తే సార్ ఒకటే అడిగేవాడు, చర్చయినంక ఆ మాట ఏమైందని. ఎవరు గెలిచారో నాకు గుర్తుండేది, మాట ఏమైందో గుర్తుండేది కాదు. ఆయన కూడా వయసులో ఉన్నప్పుడు అక్కడే పరిశోధన మొదలుపెట్టి మధ్యలో వదిలేశాడని తెలుసు. ఎందుకని అడిగితే దువ్వెన తీసి తల దువ్వుకునేవాడు.

పరిశోధన చివరి ఏడాదిలో పట్టుబట్టి ఆయన్ని మా విభాగానికి పిలిపించాను. ఇన్నేళ్లకు ఆ గదిలో ఒక్కసారైనా ఆయన మాట వినిపించాలని నాకుండేది. ఆయనకు ఇంకా ఎక్కువ ఉండేదని ఇస్త్రీ చొక్కా చూస్తే తెలిసింది. చనిపోయినవాళ్లకు ఇచ్చిన మాటకు కట్టుబడాలా అన్నది ఆయన తీసుకున్న విషయం. అక్కర్లేదన్నది ఆయన వాదం. మాట తీసుకున్న మనిషి ఎప్పుడు కావాలంటే అప్పుడు, పో, నిన్ను విడిచిపెట్టాను అనగలగాలి. పోయినవాళ్లు అలా అనలేరు. విడిచిపెట్టలేనివాళ్లు పట్టుకోనూ లేరు. కాబట్టి వాళ్లు పోవడంతోనే ఆ మాట తెగిపోతుంది. ఆ తర్వాత మనం ఏం చేసినా మన ఇష్టంతో చేసేదే. ఇంతే. సాదా ఇంగ్లీషులో, గ్రంథాలేవీ ఉటంకించకుండా చదివాడు.

విభాగంలోని పెద్దాచార్యుడు ముందుగా చేయెత్తాడు. అలాగైతే వీలునామాలకు అర్థమేముందని అడిగాడు. జలీల్ సార్ సంతోషంగా తల ఊపి, తన కుర్చీని చప్పుడుగా గది మధ్యకు ఈడ్చి, రండి సార్ కూర్చోండి అని, నడుచుకుంటూ వెళ్లి వెనక వరసలో కూర్చున్నాడు. ఆయన వేళాకోళం చేయలేదు. సెమినార్ అంటే ఆయనకు అదే. గదిలో నవ్వులు లేచాయి. పెద్దాచార్యుడు కూడా నవ్వి, నేను ఇక్కడి నుంచే మాట్లాడతానండీ అని ప్రశ్న మళ్లీ వేశాడు. సార్ బదులివ్వలేదు. వెనక బల్ల మీదున్నవాళ్లు నోరు విప్పకూడదు కదా. అధ్యక్షుడు రెండుసార్లు అడిగాడు. సార్ దగ్గర జవాబు లేదని అందరూ అనుకున్నారు. పక్కవాళ్లు కాగితాలు సర్దుకోవడం నాకు వినిపించింది.

నేను లేచి వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నాను. ఆయన వాదాన్ని ఒప్పుకోనివాళ్లలో నేనూ ఉన్నాను, కాబట్టి కూర్చునే హక్కు నాకుంది. మా నాయనమ్మ బోరంచ నల్లపోచమ్మకు మొక్కుకుంది. తీర్చకముందే పోయింది. పోయే ముందు ఆ మొక్కు తీరుస్తానని మా నాయన దగ్గర మాట తీసుకుంది. ఆ ఏడాది పంట పోయినా ఆయన బోరంచ వెళ్లి మొక్కు తీర్చాడు. అది ఆయన ఇష్టమై చేసిందని నేను ఎప్పటికీ అనలేను. ఆ కుర్చీలో కూర్చుని మాత్రం సార్ తరఫునే మాట్లాడాను. వీలునామాను నిలబెట్టేది బతికున్న వారసులు, బతికున్న కోర్టు అని చెప్పాను. గది కొంచెం సర్దుకుంది. ఒకరిద్దరు రాసుకున్నారు. నేను వెనక్కి తిరిగి సార్ వైపు చూశాను. ఆయన ఏదో అనబోయాడు. అంతలో అధ్యక్షుడు టీ తయారుగా ఉందని ప్రకటించాడు.

బస్టాండులో నారాయణఖేడ్ బస్సు కోసం నిలబడ్డాం. నేను అడిగాను.

"అదేనా సార్?"

"దగ్గరికైతే వచ్చినవ్. కాని అదే కాదు."

"ఏం తక్కువైంది?"

"అది నేను చెప్పొద్దు గదా, నువ్వే పట్టుకోవాలె. అయినా నువ్వు నా మాట ఒప్పుకోలే. మొహంలనే కనిపించింది."

"ఒప్పుకోలేదు సార్."

"మరి నేను అదే అనేదాక ఆగు. అప్పుడు చెప్పు." బస్సు వచ్చింది. కిటికీ పక్క సీటు కోసం తొందరగా ఎక్కాడు.

ఆ తర్వాత ఎప్పుడు కలిసినా ఆయన వాదాన్ని మళ్లీ చెప్పి చూశాను. వినేవాడు, కాదనేవాడు, ఒక్కోసారి దగ్గర్నే ఉన్నవ్ అనేవాడు. రిటైరయ్యాక కూడా శనివారం సెమినార్ ఆపలేదు. ఊపిరితిత్తులు పాడై మంచాన పడ్డాకే ఆగింది. అప్పటికి నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. చూడ్డానికి వెళ్లాను. ఆయన భార్య రజియమ్మ దిండ్లు ఎత్తు పెట్టి కూర్చోబెట్టింది. మాట మాటకూ ఆయాసపడుతున్నాడు.

"శనివారం బంద్ చెయ్యకు బేటా. నెలకొక్కసారన్న రా. మాట ఇయ్యి."

"మీరే అన్నరు గదా సార్, పోయినోళ్లకు ఇచ్చిన మాట నిలవదని."

నవ్వబోతే దగ్గు వచ్చింది. దగ్గు తగ్గేదాకా నా చేయి పట్టుకున్నాడు. "అందుకే అడుగుతున్న. ఇప్పుడైతే బతికే ఉన్న గదా. ఇయ్యి. పోయినంక నీ ఇష్టం."

"బస్ కరో జీ, బచ్చీ కు పరేషాన్ నక్కో కరో" అంది రజియమ్మ, పిల్లను సతాయించొద్దని. నేను మాట ఇచ్చాను.

ఆయన పోయాక కాలేజీలో సంతాప సభ పెట్టారు. అందరూ మంచి మాటలే చెప్పారు. ఎవరి మాటకూ ఎవరూ అడ్డు చెప్పలేదు. నా వంతు వచ్చినప్పుడు వేదిక మీది కుర్చీని కిందికి దించి, ఈడ్చుకొచ్చి మధ్యలో వేసుకుని కూర్చున్నాను. నేను సార్ మాట ఒప్పుకోను, కాబట్టి ఆయన తరఫున మాట్లాడుతున్నానని చెప్పి ఆయన వాదమంతా చెప్పాను. పోయిన మనిషి సభలో పోయినోళ్ల మాట నిలవదంటే ఎట్లమ్మా, గా మాటలు ఇయాల్నే కావాల్నా అని ముందు వరస నుంచి ఒక పెద్దమనిషి కసిరాడు. అప్పుడు శంకర్ లేచాడు. ఇప్పుడు బడిలో పంతులు. "కావాలె పటేలా. నేను గూడ ఒప్పుకోను. ఆమె లేచినంక నేను కూసుంట" అన్నాడు. బస్సు టైం దాకా సెమినారే నడిచింది.

ఆ సాయంత్రం రజియమ్మ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. అప్పుడు తెలిసింది. సార్ తండ్రి మంచంలో ఉండి, చదువు చాలు, ఇక్కడే ఉంటానని మాట ఇవ్వమన్నాడట. సార్ ఇచ్చాడు. ఏడాది తిరగకుండా తండ్రి పోయాడు. వెనక్కి రమ్మని విశ్వవిద్యాలయం నుంచి కబురు వచ్చింది. సార్ వెళ్లలేదు.

"మాట కోసం ఉన్నరా అని అడిగితే కాదు, నా ఇష్టంతోని ఉన్న అంటుండె" అంది. "బతికినన్నొద్దులు అదే అన్నడు. నేనైతే ఒక్క దినం నమ్మలే."

ఆ రోజు నా మాటల్లో తక్కువైంది ఇదేనేమో. పోయినవాళ్లు మనల్ని పట్టుకోరని సార్ చెప్పింది ఇచ్చిన మాట నుంచి బయటపడటానికి కాదేమో. ఇక్కడ గడిపిన ముప్పై ఏళ్లు తనవే అని చెప్పుకోవడానికేమో. ఇలా చెప్తే ఆయన అదే అనేవాడా? అడగడానికి వెనక బల్ల మీద ఆయన లేడు.

నెలకొక శనివారం నేను నారాయణఖేడ్ వెళ్తున్నాను. చివరి గది ఇప్పటికీ తెరిచే ఉంచుతారు. ఇచ్చిన మాట కోసం వెళ్తున్నానో, వెళ్లబుద్ధై వెళ్తున్నానో బస్సులో కూర్చుని ఎంత ఆలోచించినా తెలియదు. నా అభ్యంతరం నా దగ్గరే ఉంది. మా నాయన బోరంచ దారి పట్టడం నేను చూశాను. కాని అది చెప్పాలంటే కుర్చీలోంచి లేవాలి, లేవాలంటే ఆయన అదే అని విడిచిపెట్టాలి. విడిచిపెట్టలేనివాళ్లు పట్టుకోనూ లేరని ఆయనే అన్నాడు. ఆ లెక్కన నేను ఎప్పుడైనా లేవచ్చు. లేస్తే ఆయన మాట ఒప్పుకున్నట్టే.

పోయిన శనివారం ఒక అమ్మాయి నేను చెప్పినదాన్ని ఒప్పుకోనంది. కుర్చీ ఈడ్చుకుని కూర్చుని నా తరఫున మాట్లాడటం మొదలుపెట్టింది. నేను వెనక బల్ల మీద కూర్చున్నాను. ఆమె దగ్గరికి వచ్చింది, చాలా దగ్గరికి. నా వైపు చూసి ఆగింది. కాదు అనాలని నోటి దాకా వచ్చింది. బయట బస్సు హారన్ మోగుతోంది. నేను విడిచిపెడితే గాని ఆమె లేవడానికి లేదు.

అదే, అన్నాను.