సంతకాలయ్యాక అనాల్సిన మాట

తడిసిన ముగ్గుకి ఒక వాసన ఉంటుంది. కొత్తగా సున్నం వేసిన గదిలో తలుపులు మూసుకుని కూర్చుంటే వచ్చేలాంటిది. ఈ ఉదయం నరసన్నపేట దాటాక హైవే పక్కనున్న లేఅవుట్‌లో, మోకాలి కింది దాకా నీళ్లలో నిలబడి, మేకుతో చిల్లులు కొట్టిన పాలపొడి డబ్బాలోంచి ముగ్గు చల్లుతుంటే ఆ వాసన వచ్చింది. వాన పడుతూనే ఉంది. వానలో ముగ్గేస్తున్న మగవాణ్ణి రెండో లైను మేడ మీంచి ఎవరో ఫోనులో వీడియో తీస్తున్నారు. తీసుకోనీ. ఈ పని నాకు నేర్పినాయన్ని ఎవరూ వీడియో తీయలేదు. ఆ లోటు నాతో తీరుతుంది.

ఆయన పేరు పైడిరాజు. లైసెన్సు ఉన్న సర్వేయరు. పొలాలు కొలిచి, లేఅవుట్లు గీసిచ్చే ఆఫీసు ఆయనది. ఆఫీసంటే ఒక గది, ఒక బల్ల, గాలి కన్నా చప్పుడు ఎక్కువ చేసే ఫ్యాను, డిప్లొమా పాసై కంప్యూటర్‌తో సహా చేరిన నేను. ఆయన పుట్టింది సముద్రం ఒడ్డున, వేటకెళ్లే వాళ్లింట్లో. "మా అయ్య నీటి రంగు సూసి వల యేసీవోడు. నాను నీటి నడక సూసి గీత గీస్తన్నాను. ఇద్దరిదీ ఒకటే ఉజ్జోగం. కాకపోతే ఆయనకి సేపలు పడీవి" అనేవారు. ఇలాంటి మనిషి దగ్గర నా నోటికి పని దొరక్కపోతే ఇంకెక్కడ దొరుకుతుంది? నేనో మాట అంటే ఆయన రెండు అనేవారు. మా ఆఫీసులో జీతం తక్కువని ఆరు నెలల దాకా నాకు తోచనే లేదు.

చేరిన మొదటి వారమే ఆయన నన్ను జోరు వానలో ఈ పొలానికి తీసుకొచ్చారు. అప్పటికి ఇది నరసన్నపేటలో బట్టల షాపున్న ఒక షావుకారుగారి వరి పొలం. నేను గొడుగు తెచ్చుకున్నాను.

"గొడుగెందుకురా?"

"తడవకుండా ఉండడానికి మాస్టారూ. లోకంలో చాలామంది దానికే వాడతన్నారు."

"నువ్వు తడవకపోతే నీళ్లెటెల్తాయో నీకెలగ తెలుస్తాది? ముడిసీయ్."

ముడిచేశాను. ఆయన ఈ పాలపొడి డబ్బా తీసి, పొలం పైభాగాన పారుతున్న నీటిలో ఇంత ముగ్గు పోశారు. తెల్లటి చార ఒకటి కదిలింది. అది ఎటు పోతే ఆయన అటు నడిచారు. ఆగిన చోట ఆగారు, తిరిగిన చోట తిరిగారు, అక్కడక్కడా తాటిమట్ట ఒకటి గుచ్చారు. పొలానికి అడ్డంగా నడిచి నడిచి చివరికి గెడ్డలో, అంటే వానాకాలపు వాగులో, తేలాం. ఎండాకాలంలో అక్కడ గెడ్డ ఉన్నట్టు గేదెలకి కూడా తెలీదు. "ముందు నీరు గీసుకున్న గీత మనం కాయితం మీదకి ఎక్కించుకోవాల. మన గీతలు ఆ తరవాత" అన్నారు. మర్నాడు నాకు జ్వరం. చూడ్డానికొచ్చి, "నీళ్లు నీలోకి కూడా ఎల్లాయన్నమాట" అన్నారు.

ఆ పొలానికి ఆయన వేసిన ప్లాను ఇది. నలభై ఇళ్లు మెరక మీద, మన పాత ఊళ్లలో లాగే గోడకి గోడ ఆనుకుని వరసలుగా. గెడ్డ దాని దారిన అది. తాటిచెట్ల వరస ఉన్నచోటే. మిగతా పొలమంతా నలభై ఇళ్ల పేరునా ఉమ్మడిగా రాసేసి, ఎప్పటికీ వరే పండించాలి, ఎవరూ ముక్కలు చేయకూడదు. నాకు అర్థం కాలేదు. టిఫిన్ కొట్లో నా పళ్లెం లాక్కున్నారు. నాలుగు ఇడ్లీల్నీ నాలుగు మూలలకీ జరిపి, సాంబారు పోశారు. అన్నీ నానిపోయాయి. తన పళ్లెంలో ఇడ్లీలన్నీ ఒక పక్కకి చేర్చి, కాస్త వంచి, సాంబారు పోశారు. సాంబారు పల్లానికి పోయింది. ఇడ్లీలు పొడిగా కూర్చున్నాయి.

"సూసినావా?"

"చూశాను మాస్టారూ. కానీ ఇడ్లీ తడవడానికే కదా సాంబారు పోసేది?"

కొట్లో వాళ్లందరికన్నా గట్టిగా ఆయనే నవ్వారు. నానిన ఇడ్లీలు నాచేతే తినిపించారు.

షావుకారుగారిని ఒప్పించడానికి ఆయనకి రెండు నెలలు పట్టింది. వానలో చెప్పులు చేత పట్టించి గట్ల మీద నడిపించారు. "ఎనక మీ నాన్నగారు ఏ మడిలో ఇల్లు కట్టలేదో సూడండి, ఎందుకు కట్టలేదో నాను సెప్తాను" అన్నారు. చివరికి షావుకారుగారు, "కొనీవాళ్లు ఒప్పుకుంటే నాకేటండి అభ్యంతరం" అన్నారు. సగం గెలిచినట్టే.

మిగతా సగం కోసం ఒక ఆదివారం బట్టల షాపు మేడ మీద మీటింగు పెట్టారు. చీరలు పరిచి చూపించే తెల్ల పరుపు మీద మా ప్లాను పరిచాం. కొనాలనుకునేవాళ్లు పదిహేనుమంది దాకా వచ్చారు. పైడిరాజుగారు ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. నేనాయన్ని అలా చూడడం అదే మొదలు. గంటసేపు చెప్పారు. జనం వంగి చూశారు. ఒకావిడ తాటిచెట్లు ఎక్కడున్నాయో వేలు పెట్టి వెతికింది. అప్పుడు రిటైరైన హెడ్మాస్టరుగారొకరు అడిగారు. "అంతా బాగున్నాది గానండి, ఉమ్మడి అంటే ఎలగ? అందులో నాదేటి?"

మంచి ప్రశ్న. నిజానికి అదొక్కటే ప్రశ్న. జవాబు పైడిరాజుగారి దగ్గర ఉంది. దాన్ని సరిగ్గా చెప్పాలని ఒక్క క్షణం ఆగారు. గది నిశ్శబ్దమైంది. నిశ్శబ్దం చూస్తే నాకు చిన్నప్పట్నుంచీ దురద. మా తాతగారి దినానికి కూడా వంటవాణ్ణి నవ్వించాను.

"ఇల్లు ఎవరిది వాళ్లదేనండి, దోమలు మాత్రం ఉమ్మడి" అన్నాను.

గది విరగబడి నవ్వింది. హెడ్మాస్టరుగారు కళ్లు తుడుచుకున్నారు. షావుకారుగారు పరుపు మీద చరిచి నవ్వారు. పైడిరాజుగారు కూడా నవ్వారు, అందరికన్నా ఆఖర్ని. నవ్వు తగ్గాక ఆయన మళ్లీ మొదలుపెట్టబోయారు. అప్పటికే ఒకాయన పక్కాయనతో పిల్లల స్కూలు గురించి మాట్లాడుతున్నాడు. టీలు వచ్చాయి. ఒక గ్లాసు మా ప్లాను మీదే పెట్టారు.

తిరిగి వస్తున్నప్పుడు స్కూటరు ఆయనే నడిపారు. ఊరు దాటాం. తర్వాత, తల తిప్పకుండానే, "దోమల మాట బాగున్నాదిరా" అన్నారు. ఇంకాస్త దూరం పోయాక, "సంతకాలయ్యాక అనుంటే ఇంకా బాగున్ను" అన్నారు.

అంతే. ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు. తిట్టి ఉంటే తిరిగి ఏదో ఒకటి అనేవాణ్ణి.

రెండు వారాలకి షావుకారుగారు నాకే ఫోన్ చేసి, అందరూ వేసేలాంటి మామూలు లేఅవుట్ అడిగారు. ఒక్క మధ్యాహ్నంలో గీసేశాను. చదరంగం బల్లలాగా అడ్డం గీతలు, నిలువు గీతలు. తాటిమట్టలు గుచ్చిన చోట ఒక్క గీతా వంగలేదు. పైడిరాజుగారు దాన్ని చూసి, గెడ్డ ఉన్నచోట నాలుగైదు ప్లాట్ల మీద వేలు పెట్టారు. "ఇవి కొనీవోలకి ముందే సెప్పు."

"చెబితే కొనరు మాస్టారూ."

"అందుకే సెప్పమన్నాను."

చెప్పలేదు. వాటిలో ఒకటి హెడ్మాస్టరుగారు కొన్నారు.

ఆయనకి ఒంట్లో బాగోలేక సముద్రం ఒడ్డున తమ ఊరెళ్లిపోయాక ఒకసారి చూడ్డానికి వెళ్లాను. క్షమించమని అడగడానికే వెళ్లాను. బస్సులో మాటలు కూడా కూర్చుకున్నాను. మంచం పక్కన కూర్చున్నాక ఆయన నా ముఖం చూసి ఆగారు. మళ్లీ అదే నిశ్శబ్దం. "మాస్టారూ, మంచం వాటం చూడకుండా వేసినట్టున్నారు, కాళ్లు పల్లంలో ఉన్నాయి" అన్నాను. దగ్గు వచ్చేదాకా నవ్వారు. మళ్లీ వెళ్లేసరికి ఆయన లేరు. ఆయన భార్య ఈ డబ్బా చేతిలో పెట్టి, "నువ్వొస్తే ఇంట్లో నవ్వొస్తాది అనీవోరు బాబూ" అంది.

ఈ ఉదయం ముగ్గు చార తిన్నగా హెడ్మాస్టరుగారి వంటింటి గోడ దాకా వెళ్లి ఆగింది. ఆయన ఇప్పుడు లేఅవుట్ సంఘానికి అధ్యక్షులు. ఇంటి పక్కన ఖాళీగా మిగిలిన నాలుగు ప్లాట్లని సంఘం మట్టితో మెరక చేసి హాలు కడదామనుకుంటోంది. అవి కూడా పూడిస్తే నీళ్లకి ఇంక దారి లేదు. వచ్చే ఆదివారం మీటింగు. అది చెబుదామనే వచ్చాను. ఆయన నన్ను గుర్తుపట్టి లోపలికి పిలిచి, తువ్వాలు ఇచ్చి, భార్యతో అన్నారు.

"ఈ బాబేనే, దోమలు ఉమ్మడి అన్నోడు! ఇప్పటికీ సెప్పుకుని నవ్వుకుంటాం బాబూ. నిజంగానే ఉమ్మడైపోనాయి."

"ఆ రోజు మా మాస్టారు ఏం చెప్పారో గుర్తుందాండీ?"

ఆయన నిజాయితీగా ఆలోచించారు. "పొలమేదో ఉంచీద్దామన్నారు... ఏటో కాయితం పరిసినారు... గుర్తు లేదు బాబూ."

వాళ్ల వంటింటి గురించి ఒక మంచి మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. టిఫిన్ వేళ. అమ్మగారు ఇడ్లీలు పెట్టారు. నాలుగు ఇడ్లీల్నీ నాలుగు మూలలకీ జరిపి, సాంబారు పోసి చూపించాను. తర్వాత ఇంకో పళ్లెం అడిగి, ఇడ్లీలు ఒక పక్కకి చేర్చి, వంచాను. ఇద్దరూ వంగి చూశారు.

"బాగానే ఉన్నాది గాని," అన్నారు హెడ్మాస్టరుగారు, "ఇడ్లీ తడవడానికే గదేటి సాంబారు!"

ఆవిడ పకపకా నవ్వింది. ఆయనా నవ్వారు. నేనూ నవ్వాను, వాళ్లిద్దరి తర్వాత. నవ్వు పూర్తిగా తగ్గేదాకా ఆగాను. బయట వాన అలాగే పడుతోంది. "ఇంకోసారి చూడండి" అని, సాంబారు గిన్నె దగ్గరికి లాక్కుని, పళ్లెం మళ్లీ వంచాను.