మూట మీద కూర్చున్న పిల్ల

సినిమా కథ రాయడానికి పరిశోధన చేయాలని నమ్మినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే అయి ఉంటాను. నా ఈడు వాళ్లంతా మద్రాసు రైలెక్కితే, నేను రెండువందల పేజీల నోటుబుక్కు కొన్నాను. తెలివితక్కువతనంలో అది చిన్న తరగతి. ఒక మనిషి తన కడుపుకోత విప్పి నా ముందు పెడితే, దాన్ని నా ప్రతిభ అనుకున్నాను చూడండి, అది పెద్ద తరగతి. ఆ తరగతిలో నేనే ఫస్టు.

రాష్ట్రాలు కలిసినప్పుడు కర్నూలు నుంచి ఫైళ్లతోపాటు గుమాస్తానైన నన్నూ హైదరాబాదుకి తెచ్చారు. ఫైళ్లకి నంబర్లుండేవి, నాకు లేదు, అంతే తేడా. నాంపల్లి స్టేషను వెనక సందులో రెండు గదులు. అద్దె అనడం మాని కిరాయి అనడం అలవాటయ్యేసరికి నాకు రచయిత కావాలన్న జబ్బు ముదిరింది. స్క్రీన్‌ప్లే అంటే ఎడమ పేజీలో కనిపించేది, కుడి పేజీలో వినిపించేది రాయాలని ఎవరో చెప్పారు. ఎడమ పేజీలన్నీ గీతలు కొట్టి సిద్ధం చేశాను. కుడి పేజీలూ సిద్ధం చేశాను. ఇక కథే తక్కువ.

అందుకని ఆదివారాలు మ్యాట్నీ వేళకి ఆబిడ్స్‌లో ఒక టాకీసు దగ్గర నిలబడి జనాన్ని గమనించడం మొదలుపెట్టాను. మా ఆవిడ నోటుబుక్కు తిరగేసి, "మీరు రాసేది కథా, జనాభా లెక్కలా?" అంది. నిజానికి అందులో ఎర్రచీర, జరీ అంచు, ముగ్గురు పిల్లలు, పుల్ల ఐసు లాంటివి తప్ప ఏమీ లేవు.

ఆడవాళ్ల గేటు దగ్గర టికెట్లు చింపే మనిషి ఒకడుండేవాడు. యాభై దాటి ఉంటాయి. ఖాకీ కోటు, తలకి తువ్వాలు. టికెట్టు అందుకుంటాడే గాని దాని వంక చూడడు, ఇచ్చినవాళ్ల మొహంలోకి చూస్తాడు. అందులోనూ వయసు పిల్లలైతే మరీ తేరిపార చూస్తాడు. ఒకామె కసురుకుంది కూడా. నేను వెంటనే ఎడమ పేజీలో రాసుకున్నాను: "ఆడపిల్లల్ని చూసే ముసలాడు. విలన్‌కి పనికొస్తాడు." ఆ పేజీ తర్వాత చింపేశాను. చింపినంత మాత్రాన రాయనట్టు కాదు కదా.

మూడో ఆదివారం ఆయనే నా దగ్గరికొచ్చాడు.

"ఏంది సార్, నన్ను జూసి రాస్తున్నవ్? నా మీద పిటిషనా?"

"పిటిషన్ కాదయ్యా. సినిమా కథ రాద్దామని."

"గట్లనా!" అని నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "ఆంధ్ర సారువా? మరి గిట్ల టికెట్టు కొనేటోల్లను జూస్తె ఏమొస్తది? ఆట షురువైనంక ఈడనే నిలవడు. బీడీ తాగనీకె ఎప్పుడెప్పుడు ఎంతమంది బయటికొస్తున్నరో లెక్కవెట్టు. యాడ గుంపు బయటికొచ్చెనో, ఆడ కథ సచ్చింది."

నా పరిశోధన మొత్తంలో పనికొచ్చిన మాట అదొక్కటే. ఆయన లోపలికెళ్లి సినిమా చూసేవాడు కాదు. అయినా ఏ బొమ్మ ఎన్ని వారాలు ఆడుతుందో మొదటి రోజు మ్యాట్నీకే చెప్పేసేవాడు. ఆయన గేటు కీపరు, నేను నోట్సు కీపరు. ఆట మొదలయ్యాక ఇంటర్వెల్ దాకా ఇద్దరం ఎదురుగా ఇరానీ హోటల్లో కూర్చునేవాళ్లం. సాసర్లో చాయ్ పోసుకుని ఊదుకుంటూ, ఫలానా బొమ్మలో హీరోయిన్ తల్లి చావడం తప్పు, చావు మొదట్లో ఉండాలి గాని చివర్లో ఉంటే జనం ఇంటికి పోదామని గొడుగులు వెతుక్కుంటారని వివరించేవాడు.

ఒకరోజు నేనే అడిగాను. "పెద్దాయనా, నువ్వు అందరి మొహాలూ అట్లా ఎందుకు చూస్తావు?"

సాసర్లో మిగిలిన చాయ్ తాగేశాడు. తర్వాత చెప్పాడు.

ఆయనది తాండూరు వైపు పల్లె. భార్య పోయింది. వానల్లేక చేను ఎండిపోతే ఆరేళ్ల బిడ్డను వెంటబెట్టుకుని పట్నం వచ్చాడు. నాంపల్లి స్టేషన్లో దిగేసరికి బయట ఒక మేస్త్రీ బేగంబజారులో బస్తాలు మోయడానికి మనుషుల్ని ఏరుకుంటున్నాడు. తొందరగా వెళ్తే పని, లేకపోతే లేదు. బిడ్డని మూట మీద కూర్చోబెట్టాడు.

"'మూట మీదికెల్లి లెవ్వకు బిడ్డా, గీడికే వస్త' అని జెప్పిన. తల ఊపింది. పోయి పేరు రాయించి అచ్చిన. గంట గూడ కాలె. మూట ఉన్నది. బిడ్డ లేదు."

పన్నెండేళ్ల కిందటి మాట. ఠాణాలో రాయించాడు. దర్గాల దగ్గర, అనాథాశ్రమాల దగ్గర, చాదర్‌ఘాట్ వంతెన కింద వెతికాడు. బస్తాలు మోసినన్నాళ్లు మోశాడు. తర్వాత అడిగి, బతిమాలి ఈ గేటు దగ్గర చేరాడు.

"పట్నంల ఉన్నోల్లు ఎవ్వరైనా ఎప్పుడో ఒకపారి సిన్మాకొస్తరు గద సార్."

సినిమాల్లో తప్పిపోయిన పిల్లలకి పుట్టుమచ్చ ఉంటుంది, మెళ్లో లాకెట్టుంటుంది, ఏదీ లేకపోతే అమ్మ పాడిన పాటయినా ఉంటుంది. నాలోని రచయిత ఊరుకోలేక అడిగాడు: "గుర్తుపట్టడానికి మచ్చలేమైనా...?"

"మచ్చ లేదు సార్. ఫొటువ లేదు. బిడ్డకు జెప్పిన గా మాటే ఉన్నది." ఖాళీ సాసరు పక్కకి జరిపాడు. "నువ్వు గీ కథ రాయి. పేర్లు నీ ఇష్టమున్నట్టు పెట్టుకో. ఊరు మార్చకు. నేను జెప్పిన మాట మార్చకు. నా మొకం జూస్తె దానికి ఎర్కవడతదో లేదో గాని, గా మాట ఇంటె యాదికొస్తది. ఒక్కతి సిన్మా హాల్ల లేచి నిలవడ్డా సాలు, నేను గేటుకాడ ఉంట."

నేను మాటిచ్చాను. మాట ఇవ్వడంలో మా వైపు వాళ్లం ఎప్పుడూ ముందే.

రెండు నెలల్లో నోటుబుక్కు నిండింది. ఆ కాలంలో నిర్మాతలెవరూ కథ చదివేవారు కారు, వినేవారు. కాగితం తీస్తే ఆవలింతలు మొదలవుతాయి. నటించి చెప్పాలి. నాంపల్లిలో ఒక లాడ్జిలో మద్రాసు నుంచి ఒక నిర్మాత బావమరిది దిగాడని, కథలు వింటున్నాడని తెలిసింది. సినిమాల్లో బావమరిది అనేది ఒక ఉద్యోగం. ఆదివారం పొద్దున వెళ్లాను. ఆయన బనీనూ లుంగీతో మంచం మీద పడుకుని, "కానీండి మాస్టారూ" అన్నాడు. నేను రైలు కూత నోటితో కూసి మరీ మొదలుపెట్టాను.

మొదటి ఆదివారం: "తండ్రి కూలివాడా? మన హీరోగారు బస్తాలు మొయ్యరండీ, నడుం నొప్పి. స్టేషన్ మాస్టర్ని చెయ్యండి."

"అలాగేనండి."

రెండో ఆదివారం: "తాండూరెక్కడండీ? ఎవరికి తెలుసు? గోదావరి ఒడ్డున పెడదాం, పడవ పాట పడుతుంది."

నాకు ఆ గేటు మనిషి మొహం గుర్తొచ్చింది. నోరు తెరిచాను. వచ్చింది మాత్రం మళ్లీ "అలాగేనండి" అనే. మా ఆఫీసులో పదేళ్లుగా వాడి వాడి నా నోట్లో అదొక్కటే అరగకుండా మిగిలింది.

మూడో ఆదివారం నేను ఆ మాట దగ్గరికొచ్చాను. పెద్దాయన మాట ఆయన యాసలోనే, ఆయన గొంతుతోనే చెప్పాను. బావమరిదిగారు మంచం మీద లేచి కూర్చుని పకపకా నవ్వాడు.

"అబ్బ, ఏం భాషండీ! ఇది వదలొద్దు. హీరోకి కాదు, కామెడీకి వాడుకుందాం. మీకు చెవి ఉంది మాస్టారూ!"

మెప్పుదల ఎంత చెడ్డదో అప్పుడు తెలిసింది. నాకూ చిన్న నవ్వొచ్చింది. ఆ నవ్వుని ఇప్పటిదాకా నేను క్షమించుకోలేదు. తెలంగాణ మాట తెర మీద వినపడాలంటే నౌకరు నోట, లేదా తాగుబోతు నోట వినపడాలి. అది అప్పటి పద్ధతి. మాకెవరికీ అది పద్ధతి అని కూడా తోచేది కాదు. గాలి పీల్చినట్టుండేది.

ఆ సాయంత్రం ఇరానీ హోటల్లో పెద్దాయన అడిగాడు: "మాట ఉన్నదా సార్?"

"ఉంది పెద్దాయనా. తప్పకుండా ఉంటుంది."

అబద్ధం కాదు. అదే బాధ.

రెండేళ్లకి బొమ్మ వచ్చింది. టైటిల్స్‌లో నా పేరు లేదు. అందుకు ఇప్పటికీ ఆ బావమరిదికి దండం పెడతాను. అదే టాకీసుకొచ్చింది. పెద్దాయన మేనేజరు దగ్గర మొదటిరోజు మ్యాట్నీకి సెలవడిగి, ఉతికిన చొక్కా వేసుకుని, గేటు దగ్గర ఇంకొకరిని నిలబెట్టి, నా పక్కన వచ్చి కూర్చున్నాడు. అన్నేళ్లలో ఆయన కుర్చీలో కూర్చుని సినిమా చూడడం అదే మొదటిసారట. కూర్చోవడం రాక ముందుకి వంగి ఎదుటి కుర్చీ పట్టుకున్నాడు. ఆ సీను ఎక్కడో కత్తెర పాలై ఉంటే బాగుండునని నేను దేవుళ్లకి మొక్కుకుంటున్నాను.

కత్తెర పాలవలేదు. హీరోగారి నౌకరు, తలకి పెద్ద రుమాలు చుట్టుకుని, స్టేషన్లో ఒక మేకపిల్లని మూట మీద కూర్చోబెట్టాడు. వేలు చూపించి బెదిరిస్తూ, "మూట మీదికెల్లి లెవ్వకు బిడ్డా, గీడికే వస్త" అన్నాడు. మేక మే అంది. హాలు హాలంతా ఘొల్లుమంది. నేల మీద కూర్చున్నవాళ్లు ఈలలేశారు. వాళ్లలో సగం మంది ఇళ్లలో మాట్లాడే మాట అదే.

నేను ఆయన వంక చూడలేదు. చాలాసేపటికి చూస్తే ఆయన తెర వైపు లేడు. కుర్చీలో పూర్తిగా వెనక్కి తిరిగి జనాన్ని చూస్తున్నాడు.

బయటికొచ్చాక మొజంజాహీ మార్కెట్ దాకా నడిచాం. నేను క్షమాపణలాంటిదేదో కూడబలుక్కుంటుంటే ఆయనే అన్నాడు.

"అందరు నవ్విన్రు గద సార్. ఒక్కతన్న నవ్వకుంట ఉన్నదా అని జూసిన. చీకట్ల కనవడలె."

ఆ బొమ్మ నాలుగు వారాలు ఆడింది. నాలుగు వారాలూ ప్రతి ఆటలో ఆ సీను వేళకి ఆయన లోపలికి వెళ్లి, తెరకి వీపు పెట్టి నిలబడేవాడు. తెర పక్కనున్న తలుపు కర్టెన్ కొంచెం పక్కకి లాగి పట్టుకునేవాడు, కాస్త వెలుతురు పడాలని. జనం కర్టెన్ వెయ్యమని తిట్టేవాళ్లు. నవ్వు అయిపోయాక బయటికొచ్చేవాడు. నేను రెండుసార్లు చూసి, మూడోసారి ఆ వీధిన పోలేదు.

బొమ్మ మారిన ఆదివారం సిగ్గు చంపుకుని వెళ్లాను. తిట్టలేదు. తిడితే బాగుండేది. టికెట్లు చింపుతూనే, "ఇంకొకటి రాస్తవా సార్?" అన్నాడు. "ఈపారి మేకను వెట్టకు." అది పరాచికమా, నిష్ఠూరమా అని చాలాకాలం ఆలోచించాను. ఒక్క నవ్వు, ఒక్క పుల్లవిరుపు లేకుండా అన్నాడు. నిజంగానే అడిగాడనుకుంటాను.

నేను రాయలేదు. తర్వాత నన్ను జిల్లాకి బదిలీ చేశారు. ఏడాదిన్నర తర్వాత తిరిగొచ్చేసరికి ఆ గేటు దగ్గర వేరే మనిషి ఉన్నాడు. ఇతను మొహాలు చూడడు, టికెట్లే చూస్తాడు. "ముసలాయననా? దవాఖానల పోయిండు సార్, వానకాలంల" అన్నాడు. ఎవరైనా వచ్చారా అని అడిగాను. "ఎవరొస్తరు? టాకీసోల్లమే మోసుకపోయినం."

పంతొమ్మిదివందల డెబ్బైల్లోకి వచ్చాం. నాకు జుట్టు నెరిసింది, ప్రమోషను రాలేదు. ఒక ఆదివారం ఎవరో కబురు తెచ్చారు, అదే లాడ్జిలో అదే బావమరిది దిగాడట, నన్ను రమ్మన్నాడట. వెళ్లాను. అదే మంచం, అలాంటిదే బనీను, లోపల మనిషి మాత్రం రెట్టింపయ్యాడు.

"మాస్టారూ! మీ మేక సీను ఇప్పటికీ చెప్పుకుంటారండీ మద్రాసులో. ఇంకో మంచి కథ చెప్పండి. ఈసారి ఏడుపుది కావాలి. ఆడవాళ్లు రావాలి."

చెప్పాను. ఎండిపోయిన చేను నుంచి మొదలుపెట్టాను. తాండూరు తాండూరుగానే ఉంది. కూలివాడు కూలివాడుగానే ఉన్నాడు. మాట ఆయన చెప్పినట్టే చెప్పాను, ఒక్క అక్షరం జార్చకుండా. గేటు, ఖాకీ కోటు, మొహాలు చూడడం, కసురుకున్న ఆడమనిషి, చివరికి ఆయన కథ విన్న ఒక తెలివితక్కువ గుమాస్తా దాకా చెప్పాను. కర్టెన్ పట్టుకుని జనం వంక చూస్తూ నిలబడడం దగ్గర ఆపాను. బావమరిదిగారు తువ్వాలుతో కళ్లొత్తుకుంటున్నాడు. అదే కథ అని ఆయనకి తెలియనే లేదు.

"ఇన్నాళ్లూ ఎక్కడ దాచారండీ ఇంత కథ! తర్వాత? హాల్లో ఎవరైనా లేచి నిలబడ్డారా?"

నేను లేచి నిలబడ్డాను. చెప్పులు తొడుక్కున్నాను.

"మాస్టారూ, దొరికిందా ఆ పిల్ల?"

"వస్తానండి" అన్నాను.

"అదేమిటండీ, ముగింపు చెప్పకుండా! కూర్చోండి, కాఫీ తెప్పిస్తాను. దొరికినట్టేనా? పోనీ చచ్చిపోయినట్టా?"

మెట్లు దిగుతున్నాను. ఆయన లుంగీ పైకెత్తి పట్టుకుని రెండో అంతస్తు నుంచి కిందికి వెంటబడ్డాడు. రిక్షావాళ్లందరూ చూస్తుండగా లాడ్జి గుమ్మంలో బనీనుతో నిలబడి, "మాస్టారూ, ఒక్క ముక్క! ఉందా లేదా?" అని అరిచాడు. ఆ తర్వాత మద్రాసు నుంచి ఉత్తరాలు కూడా రాశాడు, ముగింపు పంపండి, మీరేదంటే అదే పెడదామని. ఒక్కదానికీ జవాబు రాయలేదు.