పుదీనాతో కడిగిన రీలు

అన్న పోయిన ఏడాదికి వదిన బీరువాలోంచి అతని కెమెరా తీసి నా చేతిలో పెట్టింది. లోపల బ్లాక్ అండ్ వైట్ రీలు అలాగే ఉంది. అన్న గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌లో ఒక కమీషన్ దుకాణంలో పనిచేసేవాడు. మార్కెట్ బాటసింగారం తరలిపోయే ముందు ఆ రీలు మీద ఫొటోలు తీశాడు. తర్వాత జబ్బుపడ్డాడు. కెమెరా మళ్ళీ ముట్టలేదు.

"ఇండ్ల ఏమున్నయో చూడు తమ్మీ," అంది వదిన.

దిల్‌సుఖ్‌నగర్‌లో అడిగిన ప్రతి స్టూడియోలోనూ అలాంటి రీళ్ళు కడగడం మానేశామన్నారు. వేరే ఊరు పంపుదామంటే వదిన ఒప్పుకోలేదు. "తొవ్వల పోతే ఎట్ల?"

పుదీనా కషాయంలో బట్టల సోడా, విటమిన్ సి పొడి కలిపి ఇంట్లోనే కడగొచ్చని ఎక్కడో చదివాను. అన్న రీలు చుట్టి పక్కన పెట్టి, ముందు ఒక కొత్త రీలు మీద ఇంట్లోవాళ్ళ ఫొటోలు తీసి కడిగి చూశాను. మసకగా వచ్చింది. సోడా కాస్త పెంచి ఇంకోటి కడిగితే మొహాలు తెలిశాయి.

ఆ ఆదివారం వదినే పుదీనా తెచ్చి, ఆకు దూసి, మరిగించి, గుడ్డలో వడగట్టింది. నేను బాత్‌రూమ్ కిటికీకి దుప్పటి కట్టి, చీకట్లో తడుముకుంటూ, వెలుతురు చొరని డబ్బాలో రీలు పెట్టి మూత బిగించాను. బయటికొచ్చి చల్లారిన కషాయంలో సోడా, విటమిన్ సి పొడి కలిపి, మూతకున్న గరాటులోంచి పోసి డబ్బా తిప్పాను. వదిన గోడకానుకుని నిలబడి డబ్బా వంకే చూస్తోంది. తర్వాత నీళ్ళు పోశాను, బొమ్మ చెరిగిపోకుండా హైపో పోశాను, మళ్ళీ నీళ్ళు.

మూత తీసి చూస్తే సగం రీలు నల్లగా మాడినట్టుంది. మిగతా సగంలో లారీలు, బత్తాయి కుప్పలు. చివరి బొమ్మ దగ్గర వదిన నా చెయ్యి పట్టుకుంది.

"గిది నేను తీసిన."

దాన్ని ఫోన్‌తో ఫొటో తీసి నలుపు తెలుపులు తారుమారు చేశాను. కుప్ప ముందు అన్న, కొంచెం ఒరిగి, కళ్ళు మూసుకుని నవ్వుతున్నాడు.

"ముందే చెప్పలేదేంది వదినా?"

"రాకపోతే నువ్వు పరేషాన్ అయితవని చెప్పలే." కాసేపు ఆ బొమ్మనే చూసింది. "ఫొటో అంటె ఎప్పుడు గంతే. గప్పుడు గూడ కండ్లు మూసిండు," అంటూ నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అన్న పోయిననాడు మా అందరినీ ఓదార్చింది ఆమే. అంతలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. రీలును దండేనికి క్లిప్పు పెట్టి వచ్చి పక్కన కూర్చున్నాను.

చాలాసేపటికి ముఖం కడుక్కొచ్చింది.

"ఫొటో పెద్దగ చేయించు తమ్మీ. దండ మాత్రం ఎయ్యొద్దు."