బోణీ బేరంతో కొండెక్కిన రోజు

ఈ విశాఖపట్నంలో నాకంటే దర్జాగా మునిగినవాడు ఎవడైనా ఉంటే తీసుకురండి, కుర్చీ వేసి టీ ఇప్పిస్తాను. నన్నెవరూ మోసం చెయ్యలేదు, అదీ నా గొప్ప. నాకు అక్కర్లేని సరుకుని, నా నోటితో నేనే ధర చెప్పి, పొద్దున్నే లేచి వెళ్లి మరీ కొన్నాను. మామూలు మనుషులకి చేతనయ్యే పని కాదది. దానికి మూడు తరాల కొట్టు అనుభవం కావాలి.

మాది పూర్ణా మార్కెట్ వెనక వీధిలో మేకులు, తాళ్లు, తాళాలు అమ్మే కొట్టు. నేను అక్షరాలకంటే ముందు బోణీ నేర్చుకున్నాను. పొద్దున తలుపు తీశాక మొదట వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపకూడదు. పంపితే ఆ రోజు గల్లాపెట్టె నోరు తెరవదని మా వీధి వీధంతా నమ్మకం. అందుకే బేరం తెలిసినవాళ్లు తలుపు తీసే వేళకే వచ్చి, అన్యాయమైన ధర అడుగుతారు. కొట్టువాడు ఏడుస్తూ ఇస్తాడు. అయితే దీనికి ఇంకో వైపు కూడా ఉంది. బోణీ మనిషి ధర చెప్పాక, కొట్టువాడు సరే అన్నాక, ఇక వెనక్కి తిరగకూడదు. తిరిగితే కొట్టు గుమ్మం మీద ఉమ్మేసినట్టే. అలా ఒకసారి వెనక్కి తిరిగిన పెద్దమనిషి కూతురి పెళ్లికి పిలిస్తే మా నాన్న వెళ్లలేదు, శుభలేఖ కూడా ఇంట్లో ఉంచనివ్వలేదు.

ఇప్పుడు మా బావ సంగతి. మా చెల్లెల్ని చేసుకున్నవాడు, ఉక్కునగరంలో క్వార్టరు. తొంభైల్లో పెళ్లి నాటికే స్టీలు ప్లాంటు రోలింగ్ మిల్లులో క్రేన్ ఆపరేటరు. షెడ్డు కప్పు కింద, అంత ఎత్తున, గాజు క్యాబిన్‌లో కూర్చుని లివర్లు కదుపుతుంటే కింద ఎర్రగా కాలే ఇనుము అటూ ఇటూ నడుస్తుంది. పెళ్లి చూపుల్లో కూడా మా చెల్లెలి గురించి అడగకుండా ఆ క్యాబిన్ గురించే చెప్పాడు. రెండు వేల సంవత్సరం దాటాక ఒక ఏడాది వానాకాలంలో టైఫాయిడ్ వచ్చి లేచాడు. లేచి డ్యూటీకి వెళ్లిన మొదటి రోజు, క్యాబిన్‌కి వెళ్లే ఇనుప నిచ్చెన సగంలో కళ్లు తిరిగాయి. మెట్లని కరుచుకుని ఉండిపోయాడు. ఇద్దరు ఎక్కి దింపాల్సి వచ్చింది. అప్పట్నుంచీ స్టోర్లో కూర్చోబెట్టారు. డాక్టర్లు ఒంట్లో ఏమీ లేదన్నారు. అయినా నిచ్చెన కింద నిలబడితే చాలు, కాళ్లు కదిలేవి కావట.

ఒక శుక్రవారం కొట్టుకొచ్చాడు. మేకుల డబ్బా మీద కూర్చుని, ఎవరూ వినకుండా చెప్పాడు.

"బావా, సోమారం నాడు ఇన్‌ఛార్జికి సెప్పాల. క్యాబినా, స్టోరా అని. స్టోరంటే ఇంక స్టోరే. మళ్లీ పైకి ఎక్కనివ్వరు."

"స్టోరుకేటయ్యింది? నీడపట్టున కూకోవచ్చు," అన్నాను.

"నువ్వు కొట్లో పుట్టేవు, నీకు అది సుకం. నాను పదేళ్లు పైనుంచి సూసినోణ్ని." గొంతు తగ్గించి, "బీచ్ రోడ్డులో ఎర్ర బళ్లకి టెంటేసేరు, సూసేవా? నాలుగు సక్రాలవి. అనంతగిరి కాడ కొండ సివరి దాకా మనమే నడుపుకోవచ్చంట. ముందు గైడు ఉంటాడు. అక్కడ అంచు మీద నించోని కిందకి సూడగలిగితే క్యాబిన్ అంతాను. నేపోతే స్టోరు."

"దానికి ఆ బళ్లెందుకు? యారాడ కొండకి ఎల్లు. బస్సుంది."

"బస్సులో ఎల్తే పరీచ్చ డ్రైవరుకి బావా, నాకు కాదు. అదీగాక యారాడలో మా మిల్లోళ్లు కనపడతారు. నాను వొణుకుతుంటే ఆళ్లెందుకు సూడాల? నువ్వు సూస్తే పర్లేదు. రేపు నాతో రా."

నేను చూస్తే పర్లేదు అన్న మాట నన్ను కట్టేసింది. బావకి తెలియనిదేమిటంటే, నాకు మేడ మెట్ల మీద కూడా గోడవైపే నడిచే అలవాటు. పిట్టగోడ మీద బట్టలారేస్తున్న మనిషిని చూసినా నా అరికాళ్లు చెమర్చేవి. రానంటే బావ ఒక్కడే వెళతాడు. వస్తానంటే నేను పోతాను. వ్యాపారస్థుడి బుర్ర కదా, మూడో దారి చూసింది. వస్తాను, కానీ ధర దగ్గర చెడగొడతాను.

శనివారం తెల్లారేసరికి బీచ్ రోడ్డులో ఉన్నాం. గైడు, యజమాని అంతా ఒక్కడే. నలభై ఏళ్ల మనిషి, టీషర్టు మీద గళ్ల తువ్వాలు. ఎలమంచిలి వైపు పశువుల సంతల్లో దళారీగా తిరిగి, గేదెలు వదిలేసి ఈ బళ్లు కొన్నాడట. అప్పుడే టెంటు మీద టార్పాలిన్ విప్పుతున్నాడు. బోర్డు మీద 'మనిషికి పదిహేను వందలు, భోజనంతో సహా' అని ఉంది.

"ఇద్దరికీ కలిపి ఎనిమిది వందలు," అన్నాను.

గైడు నన్ను చూశాడు, సముద్రాన్ని చూశాడు. "బాబూ, ఎనిమిది వందలకి గేదె తోక కూడా రాదు."

"అయితే మరుంటాం," అని మహా సంతోషంగా వెనక్కి తిరిగాను. బావ మొహం వాడిపోయింది. నాకు జాలేసింది గానీ, నడక మాత్రం తగ్గించలేదు. రోడ్డు దాటబోతుండగా వెనకనుంచి వినిపించింది.

"ఆగండి బాబూ! బోణీ. రాండి, ఎక్కండి."

తిరిగి చూశాను. అరచేయి కళ్లకద్దుకుని నిలబడి ఉన్నాడు. ఆ మనిషి కూడా మాలాగే బోణీని నమ్మేవాడని, పొద్దున్నే నేనే మొదటివాణ్ని అని, నా బుర్రకి అప్పుడు తట్టింది. మూడు తరాల కొట్టు నా మెడ పట్టుకుని టెంటు పక్కనున్న జీపు వైపు నెట్టింది.

"నువ్వు మొనగాడివి బావా!" అని బావ నా వీపు మీద చరిచాడు.

జీపులో శృంగవరపుకోట దాటి అనంతగిరి వైపు వెళ్లి కొండ మొదట్లో దిగాం. రేకుల షెడ్డులో ఆ ఎర్ర బళ్లున్నాయి. చిన్న ట్రాక్టరుకి మోటారు సైకిలు హేండిలు తగిలించినట్టున్నాయి. గైడు ఒకటి తనకి తీసుకుని, ఒకటి మాకు చూపించాడు.

"ఇద్దరికీ ఒకటేనా?" అన్నాను.

"మీ ధరకి ఒకటే బాబూ. ఎనకాల కడ్డీలు గట్టిగా పట్టుకోండి. భోజనం కూడా ఉండదు, ముందే సెప్తన్నాను."

బావకి నేర్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. పదేళ్లు లివర్లు పట్టిన చేతులు. బయల్దేరిన కాసేపటికే గైడు వెనక్కి తిరిగి చూడ్డం మానేశాడు. వెనకాల నా సంగతి వేరు. ఎర్రమట్టి బాట, బండరాళ్లు, ఒక పక్క గోడలాంటి కొండ, ఇంకో పక్క పొగమంచు. పొగమంచు ఎంత మంచిదో ఆ రోజే తెలిసింది, కింద ఏముందో కనపడనివ్వదు. అది విడిపోయినప్పుడల్లా సింహాచలం అప్పన్నకి మొక్కుకున్నాను. మొదట గుండు అన్నాను. బాట కాస్త చదునయ్యేసరికి మూడు కత్తెర్లకి దింపాను. మళ్లీ మలుపు రాగానే గుండు. దేవుడు కూడా నాతో విసిగిపోయి ఉంటాడు.

చాలాసేపు ఎక్కాక ఒక చదునైన చోట గైడు బండి ఆపాడు. చుట్టూ చెట్లు, ఒక టీ బడ్డీ. "దిగండి బాబూ. ఫొటోలు తీసుకుని ఎనక్కి ఎల్దాం."

బావ హెల్మెట్ తీసి చుట్టూ చూశాడు. ఎటు చూసినా చెట్ల మొదళ్లే. "ఇంతేనా బావా? మా కేంటీను కిటికీలోంచి కూడా ఇంతకంటే లోతు కనపడతాది."

గైడుని పక్కకి పిలిచి అడిగాను. వాడు నిదానంగా చెప్పాడు. "బోణీ ధరకి ఇక్కడి దాకే. సివర కొన దాకా వేరే దారి, వేరే ధర. ఎక్కడి దాకా అని మీరడగలేదు, నాను సెప్పలేదు."

మా కొట్లో తాడు కొనడానికొచ్చినవాడు ఎన్ని గజాలో అడక్కుండా ధర మాట్లాడితే, వాడు వెళ్లాక మేం నవ్వుకునేవాళ్లం. ఆ రోజు నవ్వే వంతు గైడుది. కానీ నా లోపల ఇంకో గొంతు ఉంది. 'మంచిదేగా, ఇక్కణ్నించే దిగిపోవచ్చు. తప్పు నీది కాదు, వాడిది' అని. ఆ గొంతు మాట వినేవాణ్నే. బావ వైపు చూశాను. టీ తాగకుండా గ్లాసు పట్టుకుని, పైకి పోయే బాట మొదట్లో నిలబడ్డాడు. సోమవారం ఇన్‌ఛార్జి ముందు కూడా ఇలాగే నిలబడతాడు, ఏమీ తేలకుండా.

"ఎంత?" అన్నాను గైడుతో.

వాడు భుజం మీది తువ్వాలు తీసి నా చేతి మీద కప్పాడు. పశువుల సంతల్లో అదే పద్ధతి. చుట్టూ జనం ఉన్నా ధర ఎవరికీ తెలియకూడదని, గుడ్డ కింద వేళ్లు పట్టుకుని బేరం ఆడతారు. వేలికి వెయ్యి. సగం వేలు పట్టుకుంటే ఐదువందలు. వాడు నా రెండు వేళ్లు నొక్కాడు. ఇప్పుడు నేను ఒకటి నొక్కాలి. వాడు తల అడ్డంగా ఊపాలి. అలా టీ చల్లారేదాకా సాగాలి. నేను వాడి రెండు వేళ్లే తిరిగి నొక్కాను.

వాడు అనుమానంగా చూశాడు. "ఏటి బాబూ, బేరం ఆడరా?"

"ఆడను."

"ఒంట్లో బాగానే ఉందా?"

"బేగి పద."

గుడ్డ కింద వాడి చెయ్యి కాసేపు కదల్లేదు. తర్వాత నా రెండో వేలిని మధ్య కణుపు దగ్గరకి జార్చి పట్టుకున్నాడు. పదిహేను వందలు. "బేరం ఆడనోడి డబ్బు నాకు అరగదు బాబూ," అని తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఏటంతన్నాడు?" అని బావ అడిగాడు.

"దారి బాగులేదంట. పర్లేదు, ఎల్దాం అన్నాను," అని చెప్పాను.

ఆ దారి గురించి నేను చెప్పలేను, కళ్లు మూసుకున్నాను. చెవులు దిబ్బళ్లు వేశాయి, చలికి పళ్లు కొట్టుకున్నాయి. బావ మాత్రం మాట్లాడుతూనే ఉన్నాడు. "అదిగో బావా, ఆ రైలు సూడు, అగ్గిపెట్టెలా ఉంది." అంటే వాడు అంచు పక్కన నడుపుతూ కిందకి చూస్తున్నాడన్నమాట. నేనది అప్పుడు పట్టించుకోలేదు.

కొన దగ్గర బండి ఆపి దిగాం. ముందు ఒక పెద్ద బండ, దాని తర్వాత ఏమీ లేదు. మంచు కిందకి దిగిపోయి లోయ మొత్తం కనపడుతోంది. బావ బండ వైపు నడిచాడు. సగం దూరంలో మోకాళ్లు వణికాయి. అలాగే కూర్చుండిపోయాడు. మెడ మీద చెమట. ఆ చలిలో.

"అయిపోయింది బావా," అన్నాడు. "స్టోరే."

నేను కూడా వాడి పక్కన కూర్చున్నాను, నిలబడే ధైర్యం నాకూ లేక. కూర్చున్నాక గుర్తొచ్చింది. "మరి దార్లో కిందకి సూసేవు కదా? రైలు సూపించేవు. అప్పుడు వొణకలేదేం?"

బావ నా మొహం వైపు చూశాడు. లేచి, వంగి నడుస్తూ బండి దగ్గరికి వెళ్లి ఎక్కి కూర్చున్నాడు. "గైడుగారూ, దీన్ని ఆ అంచు కాడికి తెత్తాను. సక్రాల ముందు రాళ్లెయ్యండి."

గైడు అంచుకి కాస్త ఇవతలే రాళ్లు పేర్చాడు. బావ మెల్లగా తెచ్చి, చక్రాలు రాళ్లకి ఆనాక ఇంజను ఆపాడు. రెండు చేతులూ హేండిలు మీదే ఉంచి, మెడ చాచి లోయలోకి చూశాడు. వీపు నిటారుగా ఉంది. చేతులు కదల్లేదు.

"సేతిలో నడిపేది ఉంటే నాకు బయం నేదు బావా," అన్నాడు వెనక్కి తిరక్కుండా. "ఉత్త సేతుల్తో ఉంటేనే. క్యాబిన్‌తో పేచీ నేదు. నిచ్చెనతోటే."

"అయితే నిచ్చెన ఎలాగెక్కుతావు?"

"తోడు అడుగుతాను. ఎనకాల ఒక మనిషి ఎక్కితే సాలు. నామోషీయే. అయినా అడుగుతాను."

అడిగాడు. సోమవారం ఇన్‌ఛార్జి దగ్గర జరిగింది జరిగినట్టు చెప్పాడట. ఆయన నవ్వలేదు, కింది పనులు చేసే ఒక ఖలాసీని సాయంగా వెనకాల ఎక్కించాడు. మిల్లువాళ్లు మాత్రం వదల్లేదు. "ఏటోయ్, పెళ్లికొడుకు బయల్దేరేడు, తోడు పెళ్లికొడుకేడీ?" అని కింద నుంచి కేకలు. కొన్నాళ్లు పడ్డాడు. చలికాలం వెళ్లేసరికి ఖలాసీ అక్కర్లేకపోయింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ క్యాబిన్‌లోనే ఉన్నాడు.

ఇక లెక్క. బోణీ ధర ఎనిమిది వందలు. తువ్వాలు కింద పదిహేను వందలు. వెరసి రెండు వేల మూడు వందలు. బోర్డు ధర ఇద్దరికీ మూడు వేలు కాబట్టి ఏడు వందలు మిగిల్చానని మా వీధిలో చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, బోర్డు ధరలో మనిషికో బండి, కడుపునిండా భోజనం ఉన్నాయి. నాకొచ్చింది వెనక కడ్డీలు, టీ బడ్డీ దగ్గర రెండు మిరపకాయ బజ్జీలు. ముళ్లకి చిరిగిన ప్యాంటు రఫ్ఫుకి ముప్ఫై. అప్పన్న దగ్గర గుండు కొట్టించుకున్నాను, ఆ బేరం నిలవలేదు. దిగొచ్చాక బావ తన వాటా అడిగితే ఎనిమిది వందల్లో సగం, నాలుగు వందలు తీసుకున్నాను. పైన ఇచ్చిన పదిహేను వందల మాట ఇన్నేళ్లూ వాడికి తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది. బావా, నీ వాటా ఇంకా ఏడు వందల యాభై. వడ్డీ వద్దులే.